ఎలుకకు సారంటే భయం

మత్తులో పడి ఉన్న ఎలుకకు కూడా మా సారంటే భయమేనని, మిషను సాక్షిగా, ఆ సారుకే నిరూపించి చూపిన ఘనత నాది. ఆ పూట నాకు జరిగిన మర్యాద తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే ఒళ్లు మండుతుంది.

తెలంగాణ ఉద్యమం ఉధృతంగా ఉన్న రోజులవి. కొత్త మందులను ఎలుకల మీద పరీక్షించే ఒక ల్యాబులో, నాచారంలో, అప్పుడే చేరాను. నాకిచ్చిన పని ఎలుకల బోనులు శుభ్రం చేయించడం. గుండె విభాగంలోకి వెళ్లాలంటే శిక్షణలో నెగ్గాలి. ఎలుకకు మత్తిచ్చి, కాళ్లకు మిషను వైర్ల చిన్న చిన్న క్లిప్పులు తగిలించి, దాని గుండె కొట్టుకునే తీరు తెర మీద చక్కగా పడేలా చేయాలి. చేయలేకపోతే మళ్లీ బోనుల గదికే. "ఎమ్మెస్సీ చదివింది ఎలుకల పెంట ఎత్తించనీకా?" అని అమ్మ రోజూ దెప్పేది. అందుకే పంతం పట్టాను.

సరిగ్గా శిక్షణ మొదలయ్యే రోజే ఉప్పల్ చౌరస్తాలో రాస్తారోకో. మా ఊరు నారపల్లిలో నేనెక్కిన బస్సు అక్కడికొచ్చి ఆగిపోయింది.

"ఎప్పుడు కదులుతదన్నా?" అని కండక్టరును అడిగాను.

"తెలంగాణ వచ్చినంక" అన్నాడు తాపీగా.

అంత తీరిక నాకెక్కడిది? ఎండలో సగం నడిచి, సగం పరుగెత్తి ల్యాబుకు చేరేసరికి, రవీందర్ సారు చెప్పాల్సిందంతా చెప్పేశారు. శిక్షణ ఇచ్చేది ఆయనే. వరంగల్ మనిషి, నోరు పెద్దది.

"ఏం సలోమీ, ఎలుకలు నీకన్న ముందొచ్చినయ్" అన్నారు. "మత్తులున్న ఎలుక గుండె నిమిషానికి మూడు వందల సార్లకు పైనే కొట్టుకోవాలె. యాది పెట్టుకో. మిగిలింది శ్రీలతను సూసి చెయ్యి."

యాది పెట్టుకున్నాను. పెట్టుకోనివి గ్లౌజులే. చెమట చేతులకు అవి ఎక్కవు, లాగితే చిరిగాయి, విసిరి పక్కన పారేశాను.

"అక్కా, గ్లౌజులు..." అంది నాతో పాటే శిక్షణకు వచ్చిన శ్రీలత.

"నాకెరుకే, తియ్!" అన్నాను. అసలే ఆలస్యమైంది, ఈ పిల్ల సలహాలొకటి!

ఎలుకను వెల్లకిలా పడుకోబెట్టి, ఒళ్లు చల్లబడకుండా గుడ్డ కప్పి, క్లిప్పులు తగిలించాను. క్లిప్పుల కింద రాసే జెల్ మరీ ఎక్కువైందేమో, ముందుకాళ్ల క్లిప్పులు తడి సబ్బు ముక్కల్లా జారిపోతున్నాయి. విసుగొచ్చి, గుడ్డ కింద చేతులు దూర్చి, చేతికొకటి చొప్పున గట్టిగా పట్టుకున్నాను. వాటితో పాటు ఎలుక కాళ్లు కూడా నా వేళ్ల మధ్యే ఉన్నాయనుకున్నాను. మీరైనా అలాగే అనుకునేవారు.

తెర మీద గీత లేచింది. ఎంత అందమైన గీతో! పక్కనున్న అంకె చూస్తే మాత్రం వందే.

"శ్రీలతా, ఎలుక పోతున్నదే!"

"ఏడికక్కా?"

"పైకి!"

అనగానే అంకె నూట ఇరవై అయింది. హమ్మయ్య, కోలుకుంటోంది అనుకునేలోగా సారు వచ్చారు.

"ఏందిది, గింత నిదానంగ కొట్టుకుంటున్నది? ఎలుకనా, ఏనుగా?"

ఆ గద్దింపుకు అంకె నూట నలభైకి ఎగిరింది. ఆయన పక్క బల్ల వైపు వెళ్లగానే దిగింది. మళ్లీ వచ్చారు, మళ్లీ ఎగిరింది. నా బుర్రలో దీపం వెలిగింది. అప్పుడే ఆరిపోయి ఉంటే ఎంత బాగుండేదో!

"సార్, జర కోపానికి రావద్దు. ఈ ఎలుకకు మీరంటే భయమున్నట్టుంది."

"ఏందీ?"

"మీరు దగ్గరికొస్తే దాని గుండె దడదడమంటున్నది. దూరం పోతే నిమ్మళమైతున్నది. మీరే సూడున్రి సార్."

పాపం, ఆయన నిజంగానే వెనక్కి జరిగి చూశారు. అంకె తగ్గింది. ముందుకొచ్చారు. పెరిగింది. గదిలో అందరూ చుట్టూ మూగారు. సారు ముఖంలో నా మీద గౌరవం మొలకెత్తడం కళ్లారా చూశాను.

"అక్కా..." శ్రీలత నా భుజం తట్టింది.

"ఆగవే, గుండె సూడనియ్."

"అక్కా, ఎలుక..."

"ఎలుకకేం కాలె! గుండె మంచిగ కొట్టుకుంటున్నది!"

"కొట్టుకుంటున్నది గానీ, ఎలుక లేదక్కా."

తల తిప్పాను. మత్తు దిగిన ఎలుక, వెనకకాలి వైరును ఈడ్చుకుంటూ, కల్లు కాంపౌండు నుంచి ఇంటిదారి వెతుక్కునేవాడిలా తూలుతూ, బల్ల అంచు దాకా వెళ్లిపోయింది. శ్రీలత పరుగున వెళ్లి ఒడిసి పట్టుకుంది. తెర మీద గుండె మాత్రం కొట్టుకుంటూనే ఉంది. నూట అరవై!

సారు గుడ్డ ఎత్తారు. కింద నా రెండు చేతులు, వేళ్ల మధ్య రెండు క్లిప్పులు.

"ఇడువు" అన్నారు. వదిలాను. గీత చచ్చిపోయింది.

"పట్టుకో." పట్టుకున్నాను. గీత లేచి కూర్చుంది.

"ఇంతసేపు సూసింది నీ గుండెనే తల్లీ! ఉత్త చేతులతోని క్లిప్పులు ముట్టొద్దని పొద్దున గొంతు పోయేటట్టు మొత్తుకున్న!"

గది గదంతా పగలబడి నవ్వింది. బోనుల గదిలోకి పోయి, ఖాళీ బోను ఏదైనా ఉంటే దూరి గొళ్లెం పెట్టుకుందామనిపించింది.

ఎలుక ఆ సాయంత్రానికే శుభ్రంగా మేత మేసింది. అన్నం సయించనిది నాకే. వారం పోయాక సారు మళ్లీ అవకాశమిచ్చారు. చేతులు తుడుచుకుని, గ్లౌజు మీద గ్లౌజు తొడిగి, నెగ్గాను. గుండె విభాగంలో చేరాను. చేరి ఏం లాభం? మొదటిరోజు గీతను సారు కాగితం మీద అచ్చు తీయించి శిక్షణ గది గోడకు అంటించారు. దాని కింద పెద్ద అక్షరాలతో "ఆడ ఎలుక. జాతి: నారపల్లి" అని రాయించారు. కొత్తగా వచ్చే ప్రతి బ్యాచీకీ మొదటి పాఠం అదే.

ఆ గోడ ముందు నిలబడి, కుడిచేయి గుండె మీద వేసుకుని ఒట్టు పెట్టుకున్నాను. ఇక ఈ జన్మలో ఏ గుండె గురించి నోరు విప్పినా, ఆ గుండె గల ప్రాణి ఇంకా బల్ల మీదే ఉందో, లేచి వెళ్లిపోయిందో ముందు చూసుకునే విప్పుతాను.