కప్పు కింది టేకు దిమ్మ

లాలాగూడ కార్ఖానాలో ప్రభుదాస్ చెక్క నమూనాలు చేసే మిస్త్రీ. ఇంజనుకు కావలసిన ఏ ఇనుప సామాను పోత పోయాలన్నా, ముందు దాని రూపం ఆయన చేతిలో టేకు చెక్కగా దిగాలి. ఆ నమూనాను ఇసుకలో అద్ది, అచ్చు తీసి, కరిగిన ఇనుము పోసేవాడు తుకారాం. నమూనా మీద నల్ల రంగు ఉంటే పోత ఎట్లా వస్తే అట్లా వదిలెయ్యాలని, ఎర్ర రంగు ఉంటే ఆ ముఖం మరలో పెట్టి నున్నగా కొయ్యాలని అర్థం. ఏ రంగు ఏం చెబుతుందో గోడకు కొట్టిన పలక మీద అందరికీ కనబడేలా రాసి ఉండేది. ఆ పలక రాసింది కూడా ప్రభుదాసే.

ఆయన బడి చదువు అయిదో తరగతితో ఆగింది. బ్రిడ్జి ఆట నేర్చుకున్నది అట్టలు ఊడిన ఒక ఇంగ్లీషు పుస్తకంలోంచి. తెలియని మాటకు సీతాఫల్‌మండిలో ఉండే మేబెల్ టీచర్ దగ్గరికి వెళ్లి అర్థం రాయించుకుని వచ్చేవాడు. నలుగురు కూర్చుని ఆడే ఆట అది, ఎదురెదురు ఇద్దరు ఒక జట్టు. ముక్కలు వెయ్యకముందు పాట ఉంటుంది. ఏ రంగు తురుపుగా ఎన్ని పట్లు తీయగలమో వంతులవారీగా పలుకుతారు. ఆ పలుకుల్లోనే జోడీ చేతిలో ఏముందో తెలుసుకోవాలి. సైగలు లేవు, మొహాలు పెట్టడం లేదు. నీ పాటకు నీ జోడీ ఏ అర్థం తీసుకుంటాడో, అవతలివాళ్లు అడిగితే ఆ అర్థమే వాళ్లకూ చెప్పాలి. ఇది పుస్తకం చివర ఉన్న నియమం. ప్రభుదాస్ దాని కింద పెన్సిలుతో గీత కూడా గీసుకున్నాడు.

కార్ఖానావాళ్ల క్లబ్బులో ఏటా బ్రిడ్జి పందెం జరిగేది. గెలిచినవాళ్లకు ఒక వెండిపూత కప్పు. దానికి టేకు దిమ్మ చేసిపెట్టింది ప్రభుదాస్. ఏ యేటికాయేడు గెలిచినవాళ్ల పేర్లు దాని మీద ఉలితో చెక్కేదీ ఆయనే. తొమ్మిదేళ్ల పేర్లు చెక్కాడు. అందులో అయిదుసార్లు ఒకే జంట. టైమాఫీసు పెద్ద మహమూద్ సాబ్, మేబెల్ టీచర్. తన పేరు ఒక్కసారీ చెక్కుకోలేదు.

1948 సెప్టెంబరులో యూనియన్ సైన్యం హైదరాబాదు రాజ్యంలోకి వచ్చినప్పుడు కార్ఖానా కొన్నాళ్లు మూతపడింది. బయట తిరగడానికి లేదు. ప్రభుదాస్, తుకారాం పగలంతా పేక ముందేసుకుని కూర్చున్నారు. అప్పుడే ప్రభుదాస్‌కు ఒక కొత్త పాట తట్టింది. జోడీ ఒక ఇస్పేటు అని మొదలుపెడితే, తను ఒక్కసారిగా నాలుగు కళావర్లకు ఎగరాలి. దానికి కళావర్లు ఉన్నాయని అర్థం కాదు. ఇస్పేట్లు దండిగా ఉన్నాయి, కళావరు మాత్రం ఒంటి ముక్క అని. ఒంటి ముక్క ఉన్న చేతిలో కళావర్లను రెండో సారి నుంచి తురుపుతో కొట్టుకోవచ్చు. పుస్తకంలో ఎక్కడా లేదు అది. నమూనా సరిగ్గా కుదిరినప్పుడు కలిగే సంతోషం కలిగింది ఆయనకు.

ఇది ముందే ఎవరికీ చెప్పొద్దన్నాడు తుకారాం. చెబితే మన పని మనమే చెడగొట్టుకున్నట్టని వాదించాడు. అడిగితే చెప్దాం అన్నాడు ప్రభుదాస్. అక్కడితో తన మనసుకు సర్ది చెప్పుకున్నాడు.

అల్లర్లతో ఆగస్టులో ఆగిన పందెం డిసెంబరుకు పడింది. అప్పటికి మహమూద్ సాబ్ నౌకరీ ఆపి, విచారణ పెట్టారు. రజాకార్లకు చందా ఇచ్చావా అని అడిగారు. ఇవ్వలేదని ఆయన చెప్పాడు. మళ్లీ అడిగారు, మళ్లీ అదే చెప్పాడు. రాసుకున్నారే గాని నమ్మినవాళ్లు కనబడలేదు. అయినా ఇస్త్రీ షేర్వానీ వేసుకుని పందేనికి వచ్చాడు. ఆఖరి ఆటలో ఈ రెండు జంటలే మిగిలాయి.

ఆఖరి పంపకంలో ప్రభుదాస్ ఒక ఇస్పేటు అన్నాడు. తరవాతి వంతు మేబెల్ టీచర్‌ది, ఆమె పాస్ అంది. ఎదుటి నుంచి తుకారాం నాలుగు కళావర్లన్నాడు. మహమూద్ సాబ్ తన ముక్కలు బోర్లించి, తల తిప్పాడు.

"ప్రభుదాస్, మీ జోడీ పాటకు అర్థం ఏంది?"

ఆ క్షణంలో ప్రభుదాస్‌కు ఆట అంతా కళ్ల ముందు ఆడింది. నిజం చెబితే, మొదటి ముక్క వెయ్యాల్సిన మేబెల్ టీచర్ తురుపే వేస్తుంది. తుకారాం దగ్గర కొట్టుకునే తురుపు ఒకటి అక్కడే ఖర్చవుతుంది. ఒక్క పట్టు తగ్గుతుంది, ఆ ఒక్క పట్టుతో కప్పు పోతుంది.

"కళావర్లు బాగున్నయని, సాబ్."

గొంతు వణకలేదు. తరవాత ఆయన్ను ఎక్కువ బాధపెట్టింది అదే.

మహమూద్ సాబ్ తలూపి పాస్ అన్నాడు. ప్రభుదాస్ ఆరు ఇస్పేట్లకు, అంటే పదమూడులో పన్నెండు పట్లకు పోయాడు. ఎదుటి చేతిలో కళావర్లు బారుగా ఉంటే వాటి మీద ప్రభుదాస్ తన చెత్త ఆఠీన్లు పారేసుకుంటాడని మేబెల్ టీచర్ లెక్క వేసుకుంది. ఆ లోపే ఆఠీన్లలో ఒక పట్టు తేల్చుకోవాలని తన రాజు కిందినుంచి చిన్న ఆఠీను వేసింది. అది నేరుగా ప్రభుదాస్ ఆసు, రాణి ఉన్న చేతిలోకి నడిచొచ్చింది. ఆట పద్ధతి ప్రకారం, పాట గెలిచినవాడి జోడీగా తుకారాం తన ముక్కలు బల్ల మీద పరిచాడు. కళావరు ఒక్కటే ఉంది.

"గలత్ పలికిన, సాబ్. కళ్లు జెర తిరిగినయి," అన్నాడు తుకారాం నవ్వుతూ. ప్రభుదాస్ తల ఎత్తలేదు, కాదనలేదు.

పన్నెండు పట్లూ వచ్చాయి. మహమూద్ సాబ్ తుకారాంను ఒక్క మాట అనలేదు. మేబెల్ టీచర్ వైపు తిరిగి, తురుపు ఎందుకు వెయ్యలేదమ్మా అని మాత్రం అడిగాడు. ఆమె నాదే తప్పు అంది. వెనక నిలబడి చూస్తున్నవాళ్లలో ఎవరో, ఆడవాళ్లను కూర్చోబెడితే గిట్లనే ఉంటదని నవ్వారు. ఆ వారం నుంచి ఆమె క్లబ్బుకు రావడం మానేసింది.

పేర్లు చెక్కడానికి దిమ్మ ఇంటికి తెచ్చుకున్నాడు ప్రభుదాస్. తుకారాం పేరు బాగానే వచ్చింది. తన పేరులో మూడో అక్షరం దగ్గర ఉలి జారింది. ముప్పై ఏళ్లలో అట్లా జారలేదు. సరిచేసి, నూనె రాసి, కప్పు క్లబ్బులోని బీరువాలో పెట్టొచ్చాడు. ఆ తరవాత ఆ బీరువా కనబడే వైపు కూర్చోవడం మానుకున్నాడు. కార్ఖానాలో రంగుల పలక ముందు నుంచి పోవాల్సి వస్తే చూపు నేల మీద పెట్టుకుని పోయేవాడు.

జనవరిలో మహమూద్ సాబ్‌ను నౌకరీలోంచి తీసేశారు. ఔరంగాబాదులో కూతురి దగ్గరికి వెళుతున్నాడు. గోడ గడియారానికి ఒక పెట్టె చేసిపెట్టమని కబురు పంపాడు. ప్రభుదాస్ పలకలు కోసుకుని వెళ్లి, గడియారం చుట్టూ గడ్డి కూరి, మూత బిగించాడు. ఆఖరి మరమేకు తిప్పాక గాని అసలు మాట ఎత్తలేదు. మొత్తం చెప్పాడు. పాట తాము కట్టుకున్నదని, అడిగినప్పుడు అబద్ధం ఆడానని, తుకారాం తప్పు పలకలేదని.

మహమూద్ సాబ్ పెట్టె మూత మీద పడ్డ పొట్టు చేత్తో తుడిచాడు.

"నా మాట ఎవరూ నమ్మని రోజులవి," అన్నాడు. "బల్ల దగ్గరన్న ఒకరి మాట ఒకరం నమ్ముకుంటమని వచ్చిన."

ప్రభుదాస్ మాఫీ అడిగాడు. మహమూద్ సాబ్ పెట్టెకు తాడు చుట్టడం మొదలుపెట్టాడు.

"టీచరమ్మను తొమ్మిదేండ్లల్ల ఒక్క మాట అనలే. ఆ దినం అన్న. నేను ఎల్లుండి రైలెక్కుతున్న, ఆమె దగ్గరికి పోను టైము లేదు. నువ్వు పోయి చెప్పు."

ఆ సాయంత్రమే ప్రభుదాస్ సీతాఫల్‌మండి వెళ్లాడు. మేబెల్ టీచర్ పిల్లల నోటు పుస్తకాలు దిద్దుతోంది. నిలబడే చెప్పాడు. ఆమె ఎర్ర పెన్సిలు పక్కన పెట్టి విన్నది.

"ఆ పాట మీ సొంతమా?"

"అవునమ్మా."

"మంచి పాట, మిస్త్రీగారూ. చెప్పి ఆడినా మీరే గెలిచేవాళ్లేమో."

తిట్టి ఉంటే తేలిగ్గా ఉండేది. ఆమె తప్పించుకునే దారి ఇస్తున్నదని తెలిసింది. అవునంటే అయిపోతుంది.

"లేదమ్మా," అన్నాడు. "మీరు తురుపు వేసేవాళ్లు. మేం ఒక పట్టు తక్కువ పడేవాళ్లం."

ఆమె పెన్సిలు తీసుకుని తరవాతి పుస్తకం తెరిచింది.

మర్నాడు క్లబ్బులో అందరూ ఉన్నప్పుడు ప్రభుదాస్ నోటీసు బోర్డు మీద ఒక కాగితం గుచ్చాడు. నాలుగు కళావర్ల పాట, దాని అర్థం, ఆ రోజు మహమూద్ సాబ్ అడిగిన ప్రశ్న, తను చెప్పిన జవాబు, అన్నీ అందులో ఉన్నాయి. తుకారాం చదివి చించబోయాడు.

"నన్ను సుత ఎందుకు గుంజినవ్ దాసన్నా? ఒక్క ఆట కోసం గింత రచ్చనా?"

"అడిగింది నన్ను. నీ పేరు రాయలే, చూసుకో," అన్నాడు ప్రభుదాస్.

బీరువా తెరిచి కప్పు తీసి పక్కన పెట్టి, దిమ్మ మీది ఆ ఏటి పేర్లను అందరి ముందే చిత్రిక పట్టాడు. ఆ అక్షరాలు ఒక పట్టాన పోలేదు. ఎప్పుడూ లోతుగా చెక్కే చెయ్యి అది. అవి పూర్తిగా పోయేసరికి అక్కడ చెక్క వేలెడు వెడల్పున గుంటపడింది. ఆ చోట ఇంకెవరి పేరూ చెక్కమని ఆయన్ను ఎవరూ అడగలేదు, ఆయనా చెక్కలేదు. తరవాతి ఏటి పేర్లు ఆ గుంట వదిలి, దాని కింది నుంచి మొదలయ్యాయి.