గడ్డకి ఉద్యోగమేంటి?

మైక్రోస్కోపు కింద ఉన్న చర్మం ముక్క ఎవరిదో, ఆ మనిషి ఏం పని చేస్తాడో తెలిస్తే తప్ప డాక్టరమ్మ అందులోకి తొంగిచూసేవారు కాదు. చెమట గ్రంథుల్లో, నూనె గ్రంథుల్లో పుట్టే గడ్డల్ని గుర్తుపట్టడంలో ఆవిడకు ఆవిడే సాటి. కాని కాగితం మీద ‘మగ, నలభై, కనురెప్ప మీద గడ్డ’ అని రాసి ఉంటే ఆవిడకు చాలదు.

“ఏం చేస్తాడట తమ్ముడూ?”

“వాచ్‌మన్ అట మేడమ్.”

“పగలా, రాత్రా?”

ఆ తమ్ముడు ల్యాబ్ టెక్నీషియన్. ముక్కను మైనంలో బిగించి, ఉల్లిపొర కన్నా పలచగా కోసి, రంగులద్ది గాజుపలక మీద పరచడం అతని పని. పదకొండేళ్లుగా అంతకు రెట్టింపు పని, ముక్క పంపిన సర్జన్ గారికి ఫోన్లు చేసి ఇవన్నీ కనుక్కోవడమే అయింది. “గడ్డకి ఉద్యోగమేంటయ్యా?” అని సర్జన్ గారు విసుక్కునేదీ అతని మీదే.

ఒకసారి ఒళ్లు మండి, కనుక్కోకుండానే, “సర్కస్‌లో పులుల్ని ఆడిస్తాడు మేడమ్,” అనేశాడు. ఆవిడ ముచ్చటపడి గంటసేపు చూశారు. సాయంత్రానికి రిపోర్టు వెళ్లింది: ‘ప్రమాదం లేని గడ్డ. కుట్లు మానేవరకు పులులకు దూరంగా ఉండవలెను.’ అది చదివిన రోగి ఓ బ్యాంకు గుమాస్తా. ఆ గడ్డ తనది కానే కాదని సర్జన్ గారితో పోట్లాటకు దిగాడు. టెక్నీషియన్ మళ్లీ అబద్ధం జోలికి పోలేదు.

కొన్నాళ్లకు ఇంకో ముక్క వచ్చింది. ఆడమనిషి, ముప్పై ఆరు, పై పెదవి.

“బ్యాండులో ట్రంపెట్ ఊదుతుందట మేడమ్.”

ఆవిడ మైక్రోస్కోపు మీదికి వంగారు. చెమట గ్రంథిలోంచి వచ్చిన గడ్డే. అందులో ఒక రకం వచ్చినచోటే కూర్చుంటుంది, ఇంకో రకం నరాల వెంట లోపలికి పాకే క్యాన్సర్. పైపైన చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి. క్యాన్సరైతే సగం పెదవి తీసెయ్యాలి. సర్జన్ గారు ఆపరేషన్‌కి తారీకు కూడా వేసేశారు.

“ఈ కాస్త ముక్కతో చెప్పలేను. లోతుగా ఇంకోటి పంపండి,” అన్నారావిడ సర్జన్ గారితో ఫోన్లో.

“అనుమానం ఉందిగా మేడమ్, తీసేస్తే పోతుంది.”

“మీకది పెదవి. ఆమె దాంతో బతుకుతోంది.”

లోతైన ముక్క వచ్చింది. మూడు రోజుల్లో టెక్నీషియన్ చేత నూట ఇరవై పొరలు కోయించారు. పొర పొరలో ప్రతి నరం వెంటా వెతికారు. అతను ఒక్కసారీ గొణగలేదు. ముఖం ఎరగని ఆ ట్రంపెట్ మనిషి అప్పటికి అతనికీ తెలిసినదే అయిపోయింది. ఇన్నేళ్లూ ఆ ఫోన్లు తనచేత ఎందుకు చేయించారో అతనికి అప్పుడు తట్టింది.

నాలుగో రోజు ఆవిడ కళ్లజోడు తుడుచుకుంటూ, “ఎక్కడా పాకలేదు. గింజంత తీస్తే చాలని రాయి,” అన్నారు.

పెదవి మానాక, రెండు నెలలకు, ఆమె ట్రంపెట్ పట్టుకుని ల్యాబుకే వచ్చింది. దండం పెట్టి, అక్కడే నిలబడి ఓ పాట అందుకుంది. గాజుపలకలు గలగలలాడాయి. పక్కగదిలో ఎవరో తలుపేసుకున్నారు. పాట ఒక దారి, శ్రుతి ఒక దారి. టెక్నీషియన్ బిక్కుబిక్కుమంటూ డాక్టరమ్మ వైపు చూశాడు.

“ఎలా ఉందమ్మా?” అనడిగింది ఆమె.

రోజుల తరబడి వెతకందే మంచో చెడో తేల్చని ఆవిడ, ఈసారి క్షణం కూడా ఆలోచించలేదు.

“చాలా బావుంది. ఇంకోటి ఊదమ్మా,” అంటూ కుర్చీ ముందుకు జరుపుకున్నారు.