తిరువూరులో పది వలయాలు

ఇల్లు ఖాళీ చేయమన్నారని అన్నయ్య రాసిన కార్డు అందిన మర్నాడే తిరువూరు బయలుదేరాను. అన్నయ్యకు అరవై ఎనిమిదేళ్ళు. పాస్టర్లను తయారుచేసే బడిలో హీబ్రూ నేర్పి రిటైరయ్యాక, ప్రశాంతంగా రాసుకోవచ్చని ఆ ఊళ్ళో రెండు గదులు అద్దెకు తీసుకున్నాడు. యూదుల మార్మిక చింతన గురించి తెలుగులో వివరంగా రాయాలన్నది ఆయన కోరిక. మోకాళ్ళు సహకరించని ఈ వయసులో మళ్ళీ ఇల్లు మారితే ఆ రాత అక్కడితో ఆగిపోతుందని నా భయం.

విజయవాడలో ఆరుంబావుకు ఎక్కిన బస్సు మైలవరంలో ఇడ్లీల కోసం పావుగంట ఆగి, తొమ్మిదింటికి తిరువూరు చేర్చింది. టికెట్టు నాలుగు రూపాయల లోపే. స్టాండు దగ్గర రిక్షా అతను రూపాయి అడిగాడు. ఇంటి గుర్తు చెప్పగానే వెనక్కి తిరిగి చూశాడు.

"చక్రాల మేష్టారింటికాండీ? వీధి మొదట్లో దింపుతానండి. పిల్లలు గలవాణ్ణి."

సంగతి అన్నయ్య గోడ చూశాక తెలిసింది. పెద్ద కాగితం మీద పది వలయాలు, వాటిని కలుపుతూ గీతలు, లోపల హీబ్రూ అక్షరాలు. ఇంటివారి కోడలు రమణ ఒకరోజు మజ్జిగ ఇవ్వడానికి వచ్చి అదేమిటని అడిగిందట. "నీ వయసుకు చెప్పేది కాదమ్మా" అన్నాడట ఈయన. నలభై నిండి, సంసారం ఉన్నవారికే ఈ విద్య చెప్పాలన్నది యూదుల్లో చాలామంది పాటించిన ఆచారం. మూడోనాడు రమణ పసిబిడ్డకు జ్వరం వచ్చింది. గోడ మీదున్నది చేతబడి యంత్రమని వీధంతా అనుకుంది. జ్వరం తగ్గినా ఆ మాట తగ్గలేదు.

"చెప్పకపోవడమే తప్పయింది అన్నయ్యా."

"ఆచారం తప్పమంటావా?"

"తెలిసినవాళ్ళ మధ్య అది ఆచారం. ఇక్కడ అది గుట్టు."

అన్నయ్య ఆ కాగితం వంక చూసి, "ఇంటివాళ్ళను పిలువు" అన్నాడు.

ఇంటావిడ సీతారావమ్మగారు గుమ్మం బయటే నిలబడ్డారు. వెనకాల రమణ, చంకలో బిడ్డ.

"నేను లోపలికి రానండి. నాకు యాభై దాటాయి, నాకు చెప్పొచ్చుగా?"

"అమ్మాయి కూడా వినాలి" అన్నాడు అన్నయ్య.

అన్నయ్య మొదలుపెట్టాడు. యూదుల గుడి కూలిపోయాక, ఒక ప్రవక్త దర్శించిన దైవరథాన్ని ధ్యానిస్తూ కొందరు సాధన చేశారట. ఎన్నో శతాబ్దాల తర్వాత ఫ్రాన్సు దక్షిణాన, స్పెయిన్‌లో ఆ చింతన కొత్త రూపు దాల్చింది. దాని పేరు కబ్బాలా, అంటే పెద్దల నుంచి అందుకున్నది. అనంతుడైన దేవుణ్ణి నేరుగా తెలుసుకోలేం. జ్ఞానం, కరుణ, న్యాయం వంటి పది శక్తులుగా ఆయన వెల్లడవుతాడు. అవే ఈ వలయాలు. స్పెయిన్ దేశం యూదులను వెళ్ళగొట్టాక, వాళ్ళ పూర్వీకుల గడ్డ మీది గలిలయ కొండల్లో ఒక గురువు ఇంకో మాట చెప్పాడు: సృష్టికి చోటివ్వడానికి దేవుడు తనలోకి తాను ముడుచుకున్నాడు. ఆపైన ఆయన వెలుగును నింపిన పాత్రలు దాన్ని పట్టలేక పగిలాయి. ఆ వెలుగు రవ్వలు లోకమంతా చెదిరిపడ్డాయి. మనం చేసే ప్రతి మంచిపనీ ఒక రవ్వను పైకెత్తుతుంది. తూర్పు ఐరోపా పల్లెల్లో పేదవాళ్ళు ఆ మాటనే పట్టుకుని, రోజువారీ పనిని కూడా సంతోషంగా చేస్తే ఆరాధనే అన్నారు.

"దేవుడు ముడుచుకోవడమేంటండీ?" అన్నారు సీతారావమ్మగారు.

"మంచం నిండా మనమే పడుకుంటే బిడ్డకు చోటెక్కడమ్మా?"

రమణ నవ్వింది. గడప దాటి వచ్చి అన్నిటికన్నా కిందున్న వలయం మీద వేలు పెట్టింది.

"ఇదేంటి మేష్టారూ?"

"దేవుని సన్నిధి. వాళ్ళు ఆమెను స్త్రీగా తలుస్తారు. ఇల్లు పోగొట్టుకున్నవాళ్ళ వెంట ఆమె కూడా బయటికి నడిచిందంటారు."

సీతారావమ్మగారు గడప దగ్గరికి జరిగారు.

"అయితే మిమ్మల్ని పొమ్మంటే ఆవిడ కూడా పోతుందన్నమాట."

"అలాగే చెప్తారు."

"ఉండండి మేష్టారూ. చక్రాలు మాత్రం లోపలి గదిలో పెట్టుకోండి. వచ్చేపోయేవాళ్ళకి నేనెన్నిసార్లని చెప్పను?"

అన్నయ్యకు ఇల్లు నిలిచింది కానీ, ఆచారం తప్పానన్న బాధ మాత్రం మిగిలింది. అది చిన్న బాధ కాదు. ఇరవయ్యేళ్ళ పిల్ల అడిగిన ప్రశ్నకు ఆయన కూడా కాస్త ముడుచుకుని చోటిచ్చాడని నాకు అనిపించింది. ఆ మాట పైకి అనలేదు. పండితుడికి ఆయన పాఠమే అప్పజెప్పడం బాగుండదు.

అటు వెళ్ళేవారికి ఒక మాట. పొద్దున బస్సులో వెళ్ళి సాయంత్రానికి తిరిగొచ్చేట్టయితే, రెండుసార్లూ ఎడమవైపే కూర్చోండి. ఎండ తగలదు.