షిఫ్టు దిగినాక పుల్లనీళ్ళు

మా ఇంట్లో దానికి వేరే పేరు లేదు. పుల్లనీళ్ళు అనేవాళ్ళం. చింతపండు, బెల్లం, ఉప్పు, నలగ్గొట్టిన జీలకర్ర, చిటికెడు శొంఠి. మా నాయన గనిలో షిఫ్టు దిగి ఇంటికి రాగానే, కాళ్ళు కూడా కడుక్కోకుండా గడప మీద కూర్చుని ఒక చెంబెడు తాగేవాడు. తాగినంతసేపూ ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు. చెంబు కింద పెట్టిన తరువాతే, "ఏం పాపా, కాలేజీకి పోయినావా?" అని అడిగేవాడు.

తరువాతి కాలంలో చింతపండు పానకాల గురించి కనబడినదల్లా చదివాను. ఏలకులు వేయమన్నవాళ్ళున్నారు, మిరియాలు వేయమన్నవాళ్ళున్నారు. కొన్ని చేసి చూశాను. బాగానే ఉన్నాయి. మా అమ్మ చెంబులో ఉండినది మాత్రం వాటిలో లేదు.

నాయనది గని లోపల పైకప్పు కూలకుండా మొద్దులు నిలబెట్టే పని. గని సర్కారు చేతికి వచ్చి చాలా ఏళ్ళయినా మా లైన్లలో, అంటే కూలీల ఇండ్ల వరుసల్లో, అందరూ దాన్ని కంపెనీ అనే అనేవాళ్ళు. లోతుకు పోయేకొద్దీ వేడి. ఎండాకాలం, చలికాలం అన్న తేడా అక్కడ లేదనేవాడు. ఇంటికి వచ్చి చొక్కా విప్పితే వీపు మీద ఉప్పు తెల్లగా చారలు కట్టి ఉండేది. అమ్మ తడిగుడ్డతో ఆ చారలు తుడిచేది. అది మాకు వింతగా తోచేది కాదు. లైన్లో అందరి ఇండ్లలోనూ మగవాళ్ళ వీపులు అట్లాగే ఉండేవి.

చింతపండు నంగలి దగ్గర ఉన్న అమ్మ పుట్టింటి నుంచి వచ్చేది. మా మామ ఏటా ఎండలు మొదలయ్యేటప్పుడు బస్సు మీద ఒక మూట వేసుకుని వచ్చేవాడు. అమ్మ ముందు గదిలో గోనె పరుచుకుని కూర్చుని, ఒక్కొక్క కాయా చీల్చి, గింజ తీసి, ఈనెలు లాగి, రాళ్ళుప్పు చల్లి ముద్దలు చేసి జాడీలో అదిమేది. ఆ పని జరిగే రోజుల్లో ఇల్లంతా పుల్లగా వాసన వచ్చేది. ఆ వాసన ఇప్పుడు ఎక్కడైనా తగిలితే నేను నిలబడిపోతాను. దుకాణంలో అయినా సరే, వెనక వాళ్ళు జరగమన్నా సరే.

అమ్మ ఒక వానాకాలంలో జ్వరంతో పోయింది. నేను అప్పుడు డిగ్రీ చదువుతున్నాను. కర్మ అయ్యేదాకా ఇంటి నిండా బంధువులు. తరువాత ఎవరి ఊళ్ళకు వాళ్ళు పోయారు. నాయనా నేనూ మిగిలాం. సూతకం రోజుల్లో ఇంట్లో తాలింపు వేయకూడదంటారు. ఆ రోజులు గడిచిపోయినా నేను తాలింపు వేయలేదు. అన్నం వండి, మజ్జిగ కలిపి పెట్టేదాన్ని. నాయన రెండు ముద్దలు తిని లేచేవాడు. ఇంకొంచెం తినమని నేనూ అనేదాన్ని కాదు, నాకూ సయించేది కాదు కనుక.

సెలవు అయిపోయి నాయన మళ్ళీ షిఫ్టుకు పోసాగాడు. ఒక మధ్యాహ్నం పక్కింటి మామ మా గడప దగ్గర ఆగాడు. ఆయనా నాయన పనిచేసే చోటే పనిచేసేవాడు. వాళ్ళు తమిళం మాట్లాడే క్రిస్టియన్లు. మాతో తెలుగే మాట్లాడేవాళ్ళు.

"మీ నాయన ఈ పొద్దు లోపల కూర్చుండిపోయినాడు పాపా" అన్నాడు మెల్లగా. "కండ్లు తిరిగినాయంట. నీళ్ళిస్తే కక్కినాడు. మేస్త్రి చూడలే కాబట్టి సరిపోయె. ఏమన్నా పెడతా ఉండావా, లేదా?"

"పెడతా ఉండాను మామా. తినేది లేదు."

"ఆ వేడికి వట్టి కడుపుతో దిగితే మనిషి పైకి రాడు. నేను ఊరికే చెప్పేది కాదు ఇది."

అప్పటివరకు నాయన తినకపోవడం దుఃఖంలో ఒక భాగమని అనుకున్నాను. ఆ మాటతో భయం పట్టుకుంది. ఇంకో పని ఇవ్వమని అడగడం నాయనకు చేతకాదు. మరునాడూ దిగుతాడు, ఆ తరువాతా దిగుతాడు. ఆ రాత్రి అన్నం ముందు కూర్చున్నప్పుడు ఏం చేసిపెట్టమంటావని అడిగాను. అన్నాన్ని వేళ్ళతో అటూ ఇటూ జరిపాడు.

"పుల్లనీళ్ళు ఉంటే ఇయ్యి రేపు" అన్నాడు చివరికి.

అమ్మ పోయాక ఆయన నోరు తెరిచి అడిగింది అదొక్కటే.

మరునాడు కాలేజీకి పోలేదు. జాడీ తెరిచి, ఉన్నవాటిలో మంచి ముద్ద తీసి నానబెట్టాను. చిక్కగా రసం తీసి, గుడ్డలో వడగట్టి, బెల్లం, ఉప్పు, జీలకర్ర, శొంఠి అన్నీ వేశాను. నాయన వచ్చి గడప మీద కూర్చున్నాడు. ఒక గుక్క తాగి చెంబు దించాడు.

"బాగలేదా నాయనా?"

"బాగుండాదమ్మా." చెంబు పక్కకు జరిపి, "దీంతో చెంబులు తోమితే ఇంగా బాగుంటాయి" అన్నాడు.

నవ్వించాలనే అన్నాడు. నేనూ నవ్వాను. చెంబు మాత్రం అట్లాగే నిండుగా మిగిలింది. తరువాతి రోజు నీళ్ళు ఎక్కువ పోశాను, బెల్లం పెంచాను. అప్పుడూ ఒక గుక్కే. ఆ మరునాడు ఉప్పు తగ్గించాను. దాన్ని ముట్టుకుని పెట్టేశాడు. చెంపల ఎముకలు బయటికి కనబడసాగాయి.

మా లైన్లో ఇంటికీ ఇంటికీ మధ్య వెదురు తడికెల గోడలే ఉండేవి. ఇటు దగ్గితే అటు వినపడేది. ఆ సాయంత్రం పక్కింటి అత్త గోడ అవతల నుంచే పిలిచింది.

"ఏం పాపా, చెంబు చెంబు దిబ్బకు పోస్తా ఉండావు?"

"నాయన తాగేది లేదత్తా. అమ్మ చేసినట్టే చేస్తా ఉండాను."

"యాడ చేస్తా ఉండావు? నేను వింటానే ఉండాను గదా." ఆమె చుట్టూ తిరిగి మా వాకిట్లోకే వచ్చి కూర్చుంది. "ఎంత చింతపండు వేసినావు?"

నేను పిడికిలి చూపించాను.

"అది పుల్లనీళ్ళు కాదు, ఉడకని పులుసు. ఎట్ట తాగుతాడు మనిషి? మీ అమ్మ పొద్దున ఒక తూరి పిసికేది, పులుసుకు. మళ్ళీ నీళ్ళు పోసి పిసికేది, చారుకు. ఇంగ ఆ పిప్పి పారేసిందనుకున్నావా? మళ్ళీ నీళ్ళు పోసి మధ్యాహ్నం దాకా కుండలో పెట్టేది. ఆ మూడో నీళ్ళే మీ నాయనకు. ఆ పిప్పితోనే మళ్ళీ బిందెలు తోమేది. నువ్వు కాలేజీకి పోతివి, నీకెట్ట తెలుస్తుంది?"

"మంచి చింతపండుతో చేస్తే ఇంకా మేలు కదా అత్తా?"

"చుట్టాలొస్తే ఇయ్యి దాన్ని. లోపల ఉడికి వచ్చినోనికి గొంతులో దిగేది కావాల."

నాకు అర్థమైంది. మూడో నీళ్ళు కావాలంటే మొదటి నీళ్ళతో పులుసు, రెండో నీళ్ళతో చారు కాయాలి. విడిగా చేయడానికి రాదు. వంట జరిగిన ఇంట్లోనే అది ఉంటుంది. అత్త నా ముఖం చూసి గొంతు తగ్గించింది.

"మీ ఇంట్లో నుంచి తాలింపు వాసన రాలేదు పాపా ఇంగా. కర్మ అయిపోయె గదా."

అయిపోయింది. అయినా నేను పొయ్యి మీద పులుసు పెట్టకపోవడానికి కారణం సూతకం కాదు, బద్ధకమూ కాదు. ఆ ఇంట్లో ఆఖరిసారి కాచిన పులుసు అమ్మ కాచినది. జ్వరం రావడానికి ముందు రోజు, వంకాయ పులుసు. నేను ఇంకోటి కాస్తే అది ఆఖరిది కాకుండా పోతుంది. ఇది ఎవరితోనూ చెప్పలేదు. చెప్పడానికి మాటలు కూడా అప్పుడు లేవు. అత్తతో కూడా, "సరే అత్తా, చేస్తాను" అని మాత్రం అన్నాను.

మరునాడు నాయన షిఫ్టుకు పోయాక చింతపండు నానబెట్టాను. ఈసారి చిన్న ముద్ద. ఇంట్లో ఉన్నవి వంకాయలే. బయటికి పోయి సొరకాయ తెచ్చాను. మొదటి నీళ్ళు పులుసులో పోశాను. రెండోసారి పిసికి చారు కాచాను. ఆవాలు చిటపటమన్నప్పుడు గోడ అవతల అత్త చప్పుడు ఒక్క క్షణం ఆగి, మళ్ళీ మొదలైంది. పిప్పిలో నీళ్ళు పోసి కుండలో ఉంచి మూత పెట్టాను. ఆ నీళ్ళకు రంగు కూడా సరిగ్గా లేదు. వానకు కొట్టుకొచ్చిన మట్టినీళ్ళలా ఉన్నాయి. దీనికోసమా ఆయన అడిగింది అని సందేహం వచ్చింది.

నాయన వచ్చి కూర్చున్నాడు. చెంబు అందుకున్నాడు. ఒక గుక్క తాగి ఆగాడు. తరువాత తల వెనక్కి వాల్చి గడగడా తాగేశాడు. గొంతు కదలడం చూస్తూ నిలబడ్డాను. అమ్మది లాగే ఉందంటాడేమోనని ఎదురుచూశాను. అది వినాలని నాకు ఎంత ఆశగా ఉండిందో ఇప్పటికీ గుర్తుంది. ఆయన ఆ మాట అనలేదు.

"ఇంగా ఉండాదా?" అన్నాడు.

కుండలో ఉన్నదంతా పోశాను. అదీ తాగి, ముఖం లోపలికి తిప్పి వాసన చూశాడు.

"పులుసు చేసినావా?"

"సొరకాయ పులుసు."

లేచి, కాళ్ళు కడుక్కుని, పొయ్యి దగ్గర తన చోట కూర్చున్నాడు. సంగటి పెట్టి పులుసు పోశాను. మొదటి ముద్ద చాలాసేపు నోట్లోనే ఉంచుకున్నాడు. "ఉప్పు తక్కువ" అన్నాడు. నేను ఉప్పు తెచ్చి ఇచ్చాను. కలుపుకుని తిన్నాడు. రెండోసారి అడిగి పోయించుకున్నాడు. కళ్ళ నుంచి నీళ్ళు కారుతున్నా చేయి ఆపలేదు. నేనూ చూడనట్టే ఉన్నాను.

తిన్నాక పళ్ళెం తీస్తుంటే, "నువ్వు పెట్టుకోమ్మా, నా ముందరే" అన్నాడు.

పెట్టుకున్నాను. సంగటి పెట్టుకుని, మజ్జిగ పోసుకున్నాను. నేను ఆఖరిగా తిన్న పులుసు ఇంకా అమ్మదే.

"పులుసు పోసుకోలేదే?"

"రేపు పోసుకుంటాను నాయనా."

నేను తినడం అయ్యేదాకా అక్కడే కూర్చున్నాడు.