తిట్టిన కొత్తవాడు

“మమ్మల్ని తిట్టాడయ్యా మరిదీ! ఎవరో ఏమిటో తెలియనివాడు, పదకొండు వరుసలు రాసి తిట్టాడు!”

లిఫ్టులు బాగుచేసే వదిన స్పానర్ చేతిలో పట్టుకునే గదంతా చుట్టేసింది. ఆవిడ కబుర్లు వినడానికి వచ్చిన మరిది స్టూలు మీద కాళ్లు పైకి లాక్కున్నాడు.

“తిడితే ఇంత సంబరమేంటి వదినా?”

లిఫ్టులు నడపడానికని ఆవిడా, మరో ఇరవైమందీ కలిసి ఒక చిన్న ప్రోగ్రామింగ్ భాషను తొమ్మిదేళ్లుగా పెంచుకొస్తున్నారు. ఈ ఏడాదీ కొత్తవాళ్లెవరూ రాకపోతే మూసేద్దామని అందరూ కలిసి అనుకున్నారు. పోయిన నెల ఏడువందల డౌన్‌లోడ్లు కనిపించేసరికి ఎగిరి గంతేసి, అయిదేళ్ల ప్రణాళిక కూడా రాసేశారు. తీరా చూస్తే, గంటకోసారి భాషను దింపుకుని పరీక్షించే వదిన సొంత కంప్యూటరే ఆ ఏడువందలూ!

“డౌన్‌లోడ్ యంత్రమైనా చేస్తుంది. విసుక్కోవాలంటే మనిషే కావాలి కదా!”

“ఇంతకీ ఏమన్నాడు?”

“నా ప్రోగ్రాంలో తప్పు మూడో వరుసలో ఉంటే, ముప్పయ్యో వరుసలో ఉందని చూపిస్తారా, మీకు కళ్లున్నాయా అన్నాడు. ఎంత ముద్దొచ్చాడో!”

ఆ ఉదయమే అందరూ మూసేసే మాట పక్కన పెట్టి, ప్రణాళికలో మొదటి పనిగా ఆ వరుసల పొరపాటు దిద్దడమే రాసుకున్నారట.

మరిది లేవబోతుంటే వదిన స్పానర్ అడ్డం పెట్టింది.

“ఎవరూ నేర్పకుండానే ప్రోగ్రాములు రాయడం నేర్చుకున్నావుగా. ఇంటికెళ్లి మా భాషలో ఏదో ఒకటి రాయి. పని చెయ్యలేదనుకో, వదిననని మొహమాటపడకు. నాలుగు తిట్టి పంపించు!”