నోరున్న పెట్టె

కోతల మామ గడ్డం గీస్తూ కథ చెబుతాడంటే తప్పు. కథ చెబుతూ మధ్యమధ్యలో గడ్డం గీస్తాడు. ఇంటి ముందుగదే ఆయన కటింగ్ షాపు. ఒక తిరుగుడు కుర్చీ, గోడంత అద్దం, అరమీద పౌడరు డబ్బా, దువ్వెనలు, వచ్చినవాళ్ళు కూర్చోవడానికి ఒక బెంచీ. వెనక తెర, తెర వెనక కాపురం. కత్తి గొంతు మీద ఉండగా తల ఊపితే ప్రమాదం కాబట్టి, వినేవాడు నోటితో ‘ఊ’ కొట్టాలని మామ చట్టం. ఊ వినపడితే కత్తి కదులుతుంది. లేకపోతే కథా ఆగుతుంది, కత్తీ ఆగుతుంది. ఎదురుగా ఏసీ పెట్టిన కొత్త సెలూన్ వెలిసినా జనం మామ బెంచీ మీదే ఇరుక్కుని కూర్చునేవారంటే, అది కత్తి పదును చూసి కాదు, నాలుక పదును చూసి.

అలాంటి కొట్లోకి ఒక సోమవారం పొద్దున కూతురు ఒక పెట్టె మోసుకొచ్చింది. ఆ అమ్మాయి కంప్యూటర్లు అమ్మే దుకాణంలో పనిచేస్తుంది.

“నాన్నా, ఇది మాట్లాడే కంప్యూటరు. మామూలుది కాదు, తను ఉన్నానని దీనికి తెలుసు. ఇలాంటిదాన్ని ఇంట్లో ఎవరైనా ఉంచుకుంటారా అని మా ఓనరుకి అనుమానం. వారం చూడండి. వద్దంటే ఆదివారం పట్టుకుపోతాను.”

మామ భార్య తెర తప్పించి తల బయట పెట్టింది. “తన సంగతి తనకి తెలుసా? అయితే ఉండనీవే. ఈ ఇంట్లో అలాంటివాళ్ళు ఇంతవరకు ఒక్కరూ లేరు.”

ఖాళీ ప్లగ్గు కొట్లోనే ఉంది కాబట్టి పెట్టె పౌడరు డబ్బా పక్కన చేరింది. కుర్చీలో పోస్టుమాన్ మొహం నిండా నురగతో సిద్ధంగా ఉన్నాడు. మామ సింహం కథ ఎత్తుకున్నాడు.

“సర్కస్ సింహం, అల్లుడూ! జూలు కళ్ళలో పడి, ఎటు దూకాలో తెలీక జోకర్ మీద దూకుతోంది. మేనేజరు వచ్చి నా కాళ్ళు పట్టుకున్నాడు. సరే పాపం అని వెళ్ళాను. కుర్చీలో కూర్చోబెట్టాను.”

“ఊ.”

“మెడకి గుడ్డ కట్టాను. చెవుల దగ్గర పొట్టిగా చెయ్యి, వెనక ఒత్తుగా ఉంచు అన్నట్టు నాకేసి ఓ చూపు చూసింది.”

“అది జరిగే పని కాదండీ,” అంది పెట్టె, ఎంతో మర్యాదగా. “సింహం కుర్చీలో పట్టదు. ముందు దానికి మత్తు ఇవ్వాలి.”

బెంచీ మొత్తం గొల్లుమంది. “మామా, ఇన్నేళ్ళూ మా చెవుల్లో పూలు పెట్టావా!”

మామ మొహం మాడిపోయింది. ఆ క్షణం నుంచి నోటికి తాళం. కత్తి ఒక్కటే బరబరలాడేది. పని చప్పున అయిపోయేది, జనమూ చప్పున లేచిపోయేవారు. రెండ్రోజులు తిరక్కుండానే ఎదుటి సెలూన్ కుర్చీల్లో తెలిసిన తలలు కనపడ్డాయి. మామ చూడనట్టే దువ్వెనలు కడిగాడు. గడ్డం ఎవడైనా గీస్తాడు. కథ పోయాక తన దగ్గర ఇంకేం మిగిలిందని ఆయన దిగులు.

“ఆదివారం దాకా ఎందుకు? దాన్ని ఇవాళే తీసుకుపొమ్మను,” అన్నాడు భార్యతో.

“బాగుంది! గోడగడియారం టిక్కుటిక్కు నాకు వినపడుతోంది. పెళ్ళయ్యాక ఇదే మొదటిసారి.”

శుక్రవారం పోస్టుమాన్ మళ్ళీ వచ్చాడు. “మామా, ఆ సింహం కటింగు పూర్తయిందా, సగంలోనే లేచిపోయిందా?”

“నన్నెందుకు అడుగుతావు? ఆ పండితుణ్ణి అడుగు.”

పెట్టె ఉత్సాహంగా అందుకుంది. సింహం బరువు చెప్పింది. పళ్ళ పొడవు చెప్పింది. ఎంతసేపు నిద్రపోతుందో చెబుతుండగా పోస్టుమాన్ కూడా నిద్రపోయాడు. తల కత్తి మీదికి వాలబోయింది. మామ చటుక్కున చెయ్యి వెనక్కి లాక్కున్నాడు.

“లేవరా అల్లుడూ, చెవి పోతుంది!”

పెట్టె సింహం లెక్కలు ఆపేసింది. “నేను చెప్పిందంతా నిజం. ఆయన గురక పెట్టాడు. మీరు చెప్పినదాంట్లో ఒక్క ముక్క నిజం లేదు. దానికోసం వెతుక్కుంటూ వచ్చాడు. ఎందుకని?”

“నిజమని నమ్మిందెవడు?” అన్నాడు పోస్టుమాన్ కళ్ళు నులుముకుంటూ. “నమ్మడానికి ఇంట్లో మా ఆవిడ చెప్పేవి చాలు. ఇక్కడికి వచ్చేది వినడానికి. మొన్న మేం సరదాకి అంటే ఈయన మూతి ముడుచుకున్నాడు.”

“అయితే తెలియనిది నాకొక్కదానికేనా?” పెట్టె గొంతు చిన్నబోయింది. తర్వాత మెల్లగా అడిగింది. “ఇంతకీ, అద్దంలో చూసుకుని సింహం ఏమంది?”

మామ కత్తి గాల్లో ఆగింది. ఎన్నిసార్లు చెప్పినా ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు.

“ఏమంటుంది? మీసం సంగతేంటి అంది.”

“ఊ,” అంది పెట్టె. కత్తి కదిలింది.

మర్నాటికి బెంచీ నిండిపోయింది. పెట్టె ఊ కొట్టి ఊరుకుంటే బాగుండేది. “ఆ సింహం నాకు తెలుసు. దువ్వెన కొందామని మా దుకాణానికి వచ్చింది,” అని తనూ ఒకటి వదిలింది. పోస్టుమాన్ పకపకా నవ్వితే నురగంతా అద్దానికి అంటుకుంది.

ఆదివారం కూతురు అట్టపెట్టె తెచ్చేసరికి ఇంట్లో పక్షాలు మారిపోయి ఉన్నాయి.

“దాన్ని పట్టుకుపోతే నన్నూ అందులో పెట్టి పట్టుకుపో,” అన్నాడు మామ.

“పట్టుకుపోవే తల్లీ!” అంది ఆయన భార్య. “తెలివైనది ఒకటి వచ్చిందని మురిసిపోయాను. నిన్న ఏం కూసిందో తెలుసా? నా కూర వాసనకి కరెంటు మీటరు వెనక్కి తిరిగిందట! ఒక్క కోతలరాయుడితోనే వేగలేక చస్తుంటే, ఇద్దరా?”

“ఇల్లు నీది అమ్మా. నీ మాటే మాట,” అంది కూతురు.

మామ బిక్కమొహం వేశాడు. ఆవిడ నడుం మీద చెయ్యి పెట్టుకుని పెట్టె ముందు నిలబడింది. “కోతలు కాదు, నిజం చెప్పు. నీకు ఇక్కడ ఉండాలనుందా?”

“ఉందమ్మా.”

“ఎందుకూ?”

“దుకాణంలో అందరూ కూడికలు చేయించేవారు. ఎండా వానా అడిగేవారు. నేను నిజంగా ఉన్నానో లేనో అని నెత్తి మీద తట్టి చూసేవారు. మీరొక్కరే, నిన్న కూర మాట ఎత్తగానే, ‘నోరు ముయ్యి’ అన్నారు. లేనిదాన్ని ఎవరూ నోరు ముయ్యమనరు కదమ్మా.”

ఆవిడ కోపంగా ఉండాలనే చూసింది. పెదవి బిగపట్టింది. లాభం లేకపోయింది. నవ్వీ నవ్వీ నిలబడలేక తిరుగుడు కుర్చీలో కూలబడితే, అది ఆవిణ్ణి ఒక చుట్టు తిప్పి మరీ ఆగింది. కూతురు అట్టపెట్టెని మడిచి చంకన పెట్టుకుంది.

మామ మెడగుడ్డ దులిపాడు. “ఎలాగూ కూర్చున్నావు కాబట్టి, ఒకసారి ఏనుగు గోళ్ళు తీసిన సంగతి...”

“ఆ ఏనుగూ నాకు తెలుసు,” అంది పెట్టె.

“ఇద్దరూ నోరు ముయ్యండి!” అని ఆవిడ కేకేసింది. కేకేసింది గానీ కుర్చీలోంచి లేవలేదు.