కునకనివాడు, అవ్వ పండుమిర్చి తొక్కు

ఉత్తరాన సరిహద్దు మీది మంచు పోస్టుకు చేరేసరికి మధ్యాహ్నమైంది. గాలి పలుచన. నాలుగడుగులకోసారి ఆగి ఊపిరి తీసుకున్నాం. సొంత వస్తువు ఒక్కటే పైకి తేవాలని హవల్దార్ ఆదేశం. నేను బైబిలు గ్రంథం పెట్టుకున్నాను. రోజూ చదువుతానని రామన్నపేటలో మా అవ్వకు మాట ఇచ్చాను మరి.

బంకరులో మూట విప్పితే పండుమిర్చి తొక్కు! అవ్వ తన పాత చీర చింపి గ్రంథాన్నీ తొక్కు డబ్బానూ ఒకేలా కట్టింది. అదే మందం, అదే బరువు. గ్రంథం కింద క్యాంపులో, నా పెట్టెలో ఉండిపోయింది. బంకరులో అందరూ పండగ చేసుకున్నారు. నాకు ఏడుపొచ్చింది. చలికాలమంతా వాక్యం లేకుంటే దేవునికి దూరమైపోతానని భయం.

రేడియో ఆపరేటర్ పాలమూరు ముస్లిం. యాదికున్నది ఏమన్నా ఉందా అని అడిగాడు. చిన్నప్పుడు ఆదివారం బడిలో నేర్చిన కీర్తన ఒక్కటే ఉంది, అదీ సగం. కొండల వైపు చూస్తాను, నాకు సాయం ఎక్కడినుంచి వస్తుంది అని మొదలై, నిన్ను కాపాడేవాడు కునకడు అన్నచోట నా జ్ఞాపకం ఆగిపోతుంది.

"ఉన్నకాడికి నములు," అన్నాడు.

ఇంటి దగ్గర బస్సు తప్పిపోతుందన్నట్టు నాలుగేసి అధ్యాయాలు చదివేవాణ్ణి. ఇక్కడ డ్యూటీకి ఒక్క మాట. కొండల వైపు చూడటమే నా ఉద్యోగం. కొండల నుంచి వచ్చేది అవతలివాళ్ళ తూటా. కిరోసిన్, పప్పు, ఉత్తరాలు అన్నీ కింది నుంచే కంచరగాడిదల మీద వస్తాయి. ఇదేం లెక్క ప్రభువా అని వారమంతా పోట్లాడాను. ఇంట్లో ఏనాడూ ఆయనతో అంతసేపు మాట్లాడలేదు. ఎందాకా వచ్చిందని ఆపరేటర్ రోజూ అడిగేవాడు. అక్కడే ఉందంటే పడీపడీ నవ్వేవాడు.

ఒకనాడు బంకరుకు పైనున్న కాపలా గూటిలో ఒంటరిగా ఉండగా మిట్టమధ్యాహ్నం మంచు తుఫాను. చేయి చాపితే వేళ్ళు కనబడవు. దారి మూసుకుపోయి నా తర్వాతి సెంట్రీ రాలేకపోయాడు. ఆ చలిలో నిద్రపోతే మళ్ళీ లేవరు. కునకనివాణ్ణి తలుచుకుంటూనే నిలబడి కునికాను. ఫీల్డ్ ఫోన్ మోగింది.

"కునుకుతున్నవా?" ఆపరేటర్ గొంతు.

"లేదు భాయ్."

"అబద్ధం జెప్పకు. గాయన కునకడని నువ్వు పండుకుంటవా? జర నీ కీర్తన చెప్పు."

చెప్పాను. నాలుక తిరగలేదు. కాసేపటికి మళ్ళీ ఫోన్. మళ్ళీ చెప్పాను. ఆ తర్వాత ఎన్నిసార్లు మోగిందో గుర్తు లేదు. విసుగొచ్చి తిట్టాను కూడా. పొద్దుగూకేలోపు మంచు తెరిపిచ్చింది. వచ్చి నన్ను దింపుకుపోయారు.

బంకరులో ఆపరేటర్ ఫోన్ పట్టుకునే ఉన్నాడు. జోడీ ఆపరేటర్ జ్వరంతో పడిపోవడంతో ముందురోజు నుంచీ కన్ను మూయలేదు. ఒళ్లో నా తొక్కు డబ్బా. నిద్ర ముంచుకొచ్చినప్పుడల్లా వేలితో తీసి నాకాడట. డబ్బా ఖాళీ.

"మీ అవ్వ తొక్కు ఉత్తగనే రాలే," అన్నాడు ముక్కు తుడుచుకుంటూ. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

సెలవు మీద ఇంటికొస్తే అవ్వ ఎంత చదివావంది. సగం కీర్తన అన్నాను. బాగా తిట్టింది. సంగతంతా విన్నాక పాలమూరు పిల్లగానికని ఇంకో డబ్బా కట్టింది, ఈసారి వేరే చీరలో.

ఆ కీర్తన ఇప్పుడు నాకు మొత్తం వచ్చు. చర్చిలో సాక్ష్యం చెప్పమంటే లేచి మొదలుపెడతాను. కునకనివాడి దగ్గరికి రాగానే ఆపరేటర్ కళ్ళ ముందుకొస్తాడు. చెవికి ఫోన్, నీళ్ళు కారే ఎర్రటి కళ్ళు, తొక్కు అంటిన వేలు.